ప్రహరీ గోడ పక్కన నూరువరహాలు పెంచడం ఎలా?

హైదరాబాద్‌లో నూరువరహాల మొక్క దొరకడం కష్టం కాదు. రోడ్డు పక్క ఏ నర్సరీలో అడిగినా పొట్టి రకం ఇస్తారు. రెండు మూడు అడుగుల్లోనే గుబురుగా ఆగుతుంది, ఏడాదంతా ఆకు నిలుస్తుంది, ఎండల్లోనూ పూస్తుంది. చిక్కల్లా నాటిన కొన్ని నెలలకు మొదలవుతుంది: ఆకులు పసుపెక్కుతాయి. నీళ్లు చాల్లేదనుకుని ఇంకో బకెట్ పోస్తాం.

తప్పు మట్టిది. ఈ మొక్కకు కాస్త ఆమ్లగుణం ఉన్న నేల కావాలి, సున్నం గిట్టదు. ప్రహరీ పక్కన ఉండేదేమో ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసిన సిమెంటు పెళ్లలు. ఆపైన బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లగా పేరుకునేదే పాదులోనూ పేరుకుంటుంది. సున్నం పెరిగితే నేలలో ఇనుమున్నా వేరుకు అందదు. పేరులో బంగారు వరహాలు, అడిగేది ఇనుము!

అందుకే మొదటి పని తవ్వకం. జూన్‌లో తొలివానలు పడ్డాక, గోడకు అడుగున్నర దూరంలో, రెండేసి అడుగుల ఎడంతో అడుగున్నర లోతు గుంతలు తీయండి. సిమెంటు ముక్క కనిపిస్తే ఏరేయండి, బద్ధకించొద్దు. రెండు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి.

రెండోది నాటడం. గోదావరి తీరాన నర్సరీలకు పేరున్న కడియం నుంచి వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ తరచూ జిగటమట్టి ఉండ ఉంటుంది. ఎండితే రాయే, పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. బుడగలు ఆగేదాకా బకెట్లో నానబెట్టి, అంచులు వేళ్లతో వదులు చేసి నాటండి.

వాన లేకపోతే మొదటి నెల రోజు విడిచి రోజు నీళ్లివ్వండి. ఆ తర్వాత మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే. నల్లా నీళ్లు మేలు, పట్టి ఉంచిన వాననీళ్లు ఇంకా మేలు. పాదులో ఎండుటాకులు పరిస్తే మే నెల గట్టెక్కుతుంది.

అయినా పసుపెక్కిందా? ఏ ఆకో చూడండి. కింది ఆకులు మొత్తంగా పాలిపోతే పశువుల ఎరువు వేస్తే చాలు. చిగుర్లు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. లీటరు నీళ్లలో గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు చల్లండి. గచ్చు మీద పడనీయకండి, తుప్పు మరక పడుతుంది. మా వీధి మెట్టు మీద ఇంకా ఉంది.

కొమ్మల మీద చీమలు బారులు తీరితే పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పురుగు) ఉందేమో వెతకండి. ఉంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల షాంపూ కలిపి చల్లండి.

ఇక కత్తిరింపు. పూలు కొమ్మ చివరే వస్తాయి. పెద్ద కత్తెరతో గోడలా చదును చేస్తే మొగ్గలన్నీ కింద పడతాయి. వాడిన గుత్తిని రెండు ఆకుల జతలతో సహా తుంచండి. ఆ కింది కణుపు నుంచి కొత్త కొమ్మలు చీలి, తర్వాతి విడత పూలు వాటి చివర్లలో వస్తాయి.