వింత రికార్డు సరిగ్గా పాడట్లేదా? ముందు మెషిన్‌ని అనుమానించండి

పాత మైక్‌సెట్ షాపు మూసేసినప్పుడో, గద్వాల, వనపర్తి వైపు పెద్ద ఇళ్లు ఖాళీ చేసినప్పుడో బయటపడే గ్రామఫోన్ రికార్డుల్లో మామూలు ఎల్పీలను (నిమిషానికి 33 చుట్లు తిరిగే ప్లాస్టిక్ రికార్డులను) వదిలేసి వింతవాటినే ఏరుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. వీటిలో సగం "పోయినవి" కావు, వేరే పద్ధతిలో పాడాల్సినవి.

పాట సాగదీసినట్టు వస్తోంది, ఆడగొంతు కూడా మగగొంతులా వస్తోంది

అమెరికాలో ఉన్న కొడుకో బిడ్డో పంపిన పాత ప్లేయరా? అయితే కారణం కరెంటే. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). మన దగ్గర 230, 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం కదా అంటారు గానీ అది వోల్టేజీని మాత్రమే తగ్గిస్తుంది, హెర్ట్జ్ జోలికి పోదు, దాంతో పాతరకం ఏసీ మోటారు ఆరింట ఐదు వంతుల స్పీడుతోనే తిరిగి 33 కాస్తా 28 దగ్గరికి పడిపోతుంది. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు ఇరుసు మీది చిన్న చక్రం) వెతికి మార్చాలి. డీసీ అడాప్టర్‌తో నడిచే ప్లేయర్లకు ఈ గొడవే లేదు.

స్పీడు బాగానే ఉండి, ప్రతి చుట్టుకీ శ్రుతి ఊగుతుంటే మధ్య రంధ్రం పక్కకు పడిందన్నమాట. కొందరు రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి చేత్తో సర్దుకుంటారు. అరుదైన రికార్డయితే నేను మాత్రం ఆ పని చెయ్యను, ఊగితే ఊగనీ.

గరగర ఎక్కువ, పాట ఎక్కడో అడుగున

లేబుల్ మీద 78 (నిమిషానికి 78 చుట్లు) అని ఉందేమో చూడండి. దాని గాడి వెడల్పు, ఎల్పీ నీడిల్ సన్నం. అడుగుదాకా దిగి అక్కడి దుమ్మునే పాడుతుంది! 78కి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) నీడిల్ వేరే కొనాలి. మైక్‌సెట్‌లో అరిగిన ప్లేట్లకు ఇంకో ఉపాయం ఉంది: పాత నీడిల్ గాడి గోడను ఒకే ఎత్తులో గీకి ఉంటుంది కాబట్టి, 2.5 లేదా 3.5 మిల్ పెడితే గీకని చోట ఆనుతుంది, ఒక్కోసారి ఇదే రికార్డా అనిపించేంత తేడా వస్తుంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్ మీద మాత్రం ఎల్పీ పెట్టకండి, ఆ ఇనప ముల్లు గాళ్లను చెక్కేస్తుంది.

కడిగాక ఇంకా పాడైంది

78 ప్లేట్లలో ఉండేది లక్క. స్పిరిట్, శానిటైజర్ తగిలితే కరుగుతుంది. ఎల్పీకైతే నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఫర్వాలేదు. ఇక నల్లగొండ బోరు నీళ్ల సంగతి మీకు తెలిసిందే, ఆరాక బకెట్ అంచున మిగిలే తెల్లటి పొరే గాళ్లలోనూ మిగులుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లతో కడిగినా సరే, చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో పెట్టండి. బ్యాటరీ షాపులో దొరుకుతుంది, యాసిడ్ కాదు అని అడిగి మరీ తీసుకోండి. లేబుల్ తడవనివ్వొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు.

వంకర తిరిగింది

మే నెల, రేకుల ఇల్లు, ఇనప బీరువా. ఎల్పీ అయితే రెండు అద్దం పలకల మధ్య పెట్టి, పైన బరువుంచి నీడలో కొన్నాళ్లు వదిలేయండి, కొంత సర్దుకుంటుంది. 78ని వంచి సరిచేయాలని చూస్తే రెండు ముక్కలవుతుంది.

పల్చటి ప్లాస్టిక్ రికార్డు జారిపోతోంది

కింద ఒక ఎల్పీ, పైన లేబుల్ మీద రూపాయి బిళ్ల. అంతే.

ఒకవైపు గాళ్లే లేవు

అది లోపం కాదు. 1900ల మొదట్లో ఒకవైపే ముద్రించేవాళ్లు.

నీడిల్ పెట్టగానే బయటికి జారుతోంది

పాత పాథే కంపెనీ ప్లేట్లు కొన్ని లేబుల్ దగ్గర మొదలై అంచు వైపు పాడతాయి. మన వైపు దొరకడమే గగనం, దొరికితే పారేయకండి. వాటి గాడిలో శబ్దం పక్కలకు కాకుండా పైకీ కిందికీ ఉంటుంది, అందుకే మామూలు కనెక్షన్‌తో మోనోలో (రెండు ఛానెళ్లూ కలిపి) వింటే దాదాపు ఏమీ వినపడదు. కార్ట్రిడ్జ్ (నీడిల్ బిగించి ఉండే భాగం) వెనక ఒక ఛానెల్ వైర్లు రెండూ తారుమారు చేసి మోనోలో పెట్టండి, గుండ్రటి మొన ఉన్న వెడల్పు నీడిల్ వాడండి, స్పీడు 78 కంటే ఎక్కువ కావాల్సి రావచ్చు.