స్కాట్లండ్ గేటు లాడ్జి వయసు పట్టుకోవడం ఎలా?

లాడ్జి అనగానే మనకు బస గుర్తుకొస్తుంది గాని, స్కాట్లండ్ పాత ఎస్టేట్లలో గేటు లాడ్జి అంటే ద్వారం పక్కన కాపలాదారు కుటుంబానికి కట్టించిన చిన్న ఇల్లు. దాని వయసు తేల్చేటప్పుడు శైలిని వెంటనే నమ్మకూడదు. శైలి అనేది యజమాని తన హోదా గురించి చెప్పుకోదలచిన మాట మాత్రమే. మెట్లుమెట్లుగా ఎక్కే త్రికోణపు గోడ, మూలన శంఖాకారపు బురుజు కనిపిస్తే 16వ శతాబ్దపు కోట అనిపిస్తుంది. కాని లాడ్జిలలో ఈ అలంకరణ చాలావరకు విలియం బర్న్, డేవిడ్ బ్రైస్ వంటి వాస్తుశిల్పులు 19వ శతాబ్దంలో వ్యాప్తిలోకి తెచ్చిన బరోనియల్ శైలికి, అంటే పాత స్కాటిష్ కోటలను అనుకరించే పద్ధతికి, చెందినది. 1853–56లో విక్టోరియా రాణి కుటుంబపు బాల్మోరల్ కొత్త కోట లేచాక దీని మోజు మరింత పెరిగింది.

ముందుగా ఇంటి అమరికను చూడండి. దారికి ఇరువైపులా ఒకే పోలికతో నిలిచిన రెండు చిన్న గదులు సాధారణంగా 18వ శతాబ్దపు సమతూకపు అభిరుచిని సూచిస్తాయి. చూపుకు అందమే గాని, కాపురానికి అంత ఇరుకు మరొకటి ఉండదు. ఒంటరిగా, ఒక పక్కకు ఒదిగి, వచ్చే బండి రెండు వైపులనుంచీ కనిపించేలా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ ఉంటే అది బహుశా 19వ శతాబ్దపుది. చెట్టు మొద్దులే స్తంభాలుగా, లోతైన చూరుతో ఉన్నవి ఆ శతాబ్దపు తొలి దశాబ్దాల పల్లెసొగసు మోజుకు గుర్తులు.

తరువాత కప్పు. పశ్చిమ స్కాట్లండ్‌లోని బల్లహూలిష్ వంటి స్థానిక గనుల స్లేటు (పలకరాయి) పలకలను చూరు దగ్గర పెద్దవిగా, శిఖరానికి చేరేకొద్దీ చిన్నవిగా పేర్చేవారు. అన్నీ ఒకే కొలతలో ఉంటే అవి తరువాతి కాలంలో బయటినుంచి వచ్చిన పలకలు కావచ్చు. అయితే కప్పును మార్చి ఉండవచ్చు కనుక ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకండి.

అసలు తేల్చేది పటమే. 1843–1882 మధ్య సర్వే చేసిన ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ అధికారిక పటాల సంస్థ) ఆరంగుళాల పటాలను, అంటే మైలుకు ఆరంగుళాల కొలతతో గీసిన వాటిని, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. మీ ప్రాంతపు షీటు సర్వే చేసిన ఏడాదిని గమనించి, లాడ్జి అందులో లేకుండా తరువాతి ముద్రణలో ఉంటే, నిర్మాణం ఆ రెండింటి మధ్య జరిగిందని తీసుకోండి. దారి ఆనవాలు లేని చోట లాడ్జి ఒక్కటే మిగిలి ఉంటే, పాత దారి గీతను కూడా అదే పటంలో వెదకండి. చివరగా చారిత్రక కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ జాబితాలోని వివరణతో మీ అంచనాను పోల్చుకోండి. చాలా లాడ్జిలలో నేటికీ మనుషులు నివసిస్తున్నారు. 2003 నాటి స్కాట్లండ్ భూసంస్కరణ చట్టం ఇచ్చిన సంచార హక్కు (ఇతరుల భూముల మీదుగా తిరిగే హక్కు) ఇంటిని ఆనుకున్న ఆవరణకు వర్తించదు కాబట్టి, పరిశీలనంతా రోడ్డు మీదనుంచే సాగాలి.