నీళ్లు తక్కువున్న ఇంటి ముందు తంగేడు పెంచడం ఎలా?

అనంతపురం, పాలమూరు ఎండల్లో ఏళ్ల తరబడి పసుపు పూలిచ్చే మొక్క కావాలంటే నర్సరీల చుట్టూ తిరగక్కర్లేదు. బంతి ఒక్క పంటకాలంతో సరి. అలమండాకు వేసవిలో నీళ్లు పోసి నెగ్గలేం. రోడ్డు పక్కన ఎవరూ తడి పెట్టని తంగేడు మాత్రం పూస్తూనే ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమే అయినా పెరట్లో పెట్టుకునేవాళ్లు తక్కువ.

గట్టు మీది మొక్కను తవ్వి తెస్తే బతకడం కష్టం. తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది, తవ్వేటప్పుడు తెగిపోతుంది. కాబట్టి గింజే మేలు. గోధుమ రంగుకు తిరిగి ఎండిన కాయలు ఏరుకోండి. గింజ పైపొర గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. మరిగిన నీళ్లు దించి, కాసేపాగి గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద రుద్ది మళ్లీ నానబెట్టండి.

ఏప్రిల్‌లో పొడవాటి పాలిథిన్ సంచుల్లో అర అంగుళం లోతున విత్తాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక, పశువుల ఎరువు ఒక్కో పాలు చాలు.

తొలకరి పడి నేల బాగా నానాక అడుగున్నర గుంతలో, వేరు కదలకుండా నాటండి. మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగులు వదలండి. రోజంతా ఎండ తగలాలి. నీడలో పెట్టారా, కొమ్మలు సాగుతాయే గాని పూలుండవు. యూరియా వేసినా అంతే. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది కనుక మట్టి ఎత్తు చేసి నాటాలి.

నీళ్ల పని మొదటి ఏడాదే. వానలు ఆగాక పది రోజులకోసారి పాదు నిండా పోయండి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. పాదులో వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఆరదు. చెద పట్టకుండా కాస్త వేపపిండి కలపండి. రెండో ఏడాది నుంచి మండు వేసవిలో ఒకటి రెండు తడులు చాలు.

ఆకుల మీద పచ్చని పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి సీతాకోకచిలుక పిల్లలు. ఆకు తిన్నా మొక్క మళ్లీ చిగురిస్తుంది.

పూలు కొత్త చిగుళ్ల చివరే వస్తాయి. ఫిబ్రవరిలో మూడో వంతు కొమ్మ కత్తిరించండి. బతుకమ్మకు కోసుకున్నా అదీ ఒక కత్తిరింపే.

తోడుగా గంటల్లాంటి పసుపు పూల టెకోమా పెట్టుకోవచ్చు. పచ్చగన్నేరు కూడా ఎండకు ఓర్చుకుంటుంది గాని దాని గింజ విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.