క్విజ్‌లో మార్కులొస్తాయి, పరీక్షలో రావు: డిజిటల్ టూల్స్ ఎక్కడ తేడా కొడుతున్నాయి?

నేర్చుకునే ఆలోచనను మెట్లుగా విభజించే బ్లూమ్ వర్గీకరణను 2001లో సవరించాక ఆలోచనా స్థాయిలు ఆరు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృజించడం. ఒక్కో మెట్టు పక్కన ఒక్కో యాప్ బొమ్మ అతికించిన చార్టులు ట్రైనింగుల్లో కనిపిస్తుంటాయి. వాటిని నమ్ముకుంటేనే చిక్కు. స్థాయి యాప్‌లో ఉండదు, పిల్లలకు ఇచ్చిన పనిలో ఉంటుంది. పదో తరగతి విద్యుత్ పాఠంతో చూద్దాం.

సమస్య: కహూట్‌ (ఆన్‌లైన్ క్విజ్ యాప్)లో అందరూ టాప్, యూనిట్ టెస్టులో బోల్తా

కారణం: 20 సెకన్ల టైమర్, నాలుగు ఆప్షన్లు, త్వరగా నొక్కితే ఎక్కువ పాయింట్లు. ఆలోచించే పిల్లవాడు ఇక్కడ వెనకబడతాడు. కొలిచేది గుర్తుపట్టడాన్నే.

పరిష్కారం: నిర్వచనాలు, ప్రమాణాల వంటి ఐదారు ప్రశ్నలకే ఆ పద్ధతి ఉంచండి. మిగతావాటికి టైమర్ 60 సెకన్లు చేసి, పాయింట్లు తీసేయండి. తప్పు ఆప్షన్లు పిల్లల అపోహల్లోంచి రావాలి. 'బ్యాటరీని మార్చకుండా నిరోధం రెట్టింపు చేస్తే కరెంట్ ఏమవుతుంది?' అన్నదానికి 'మారదు' అని నొక్కారంటే, బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంట్ ఇస్తుందని అనుకుంటున్నారన్నమాట. మర్నాడు ఏం చెప్పాలో అక్కడే తెలిసిపోతుంది.

సమస్య: ఫెట్ (PhET, తెర మీద ప్రయోగాలు చేయించే సైట్) సిమ్యులేషన్ ఆటలా సాగింది, చివరికి ఏమీ మిగల్లేదు

కారణం: ప్రశ్న లేకుండా స్లైడర్ చేతికిచ్చారు. లేదా తరగతి గది డిజిటల్ ప్యానెల్ మీద టీచరే జరిపారు, పిల్లలు చూస్తూ కూర్చున్నారు.

పరిష్కారం: 'ఓమ్ నియమం' సిమ్యులేషన్ తెరిచి వోల్టేజిని 4.5 వోల్టుల దగ్గర కదలకుండా ఉంచండి. నిరోధం 200, 300, 500, 600, 900 ఓములుగా మారిస్తే కరెంట్ 22.5, 15, 9, 7.5, 5 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. అయితే స్లైడర్ ముట్టుకోకముందే నిరోధం పెరిగేకొద్దీ కరెంట్ గ్రాఫ్ ఎలా ఉంటుందో నోట్‌బుక్‌లో గీయించాలి. ఈ మెట్టు వదిలేస్తే మిగతాదంతా దండగ. చాలామంది కిందికి వాలే సరళరేఖ గీస్తారు. రీడింగులు గూగుల్ షీట్స్‌లో వేస్తే వక్రం వస్తుంది. ఎందుకు వంగింది? నిరోధం బదులు దాని విలోమం తీసుకుంటే రేఖ ఎందుకు వంపు లేకుండా తిన్నగా సాగింది? విశ్లేషణ మొదలయ్యేది ఇక్కడ. ప్యానెల్ ఒక్కటే ఉంటే ప్రతి రీడింగుకూ ముందు అంచనాను పలకల మీద రాయించి ఎత్తి చూపించమనండి. నెట్ నిలకడగా లేని బడికి ఈ సిమ్యులేషన్లు డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది.

సమస్య: ప్యాడ్‌లెట్‌ (అందరూ పోస్టులు పెట్టే ఆన్‌లైన్ బోర్డు)లో నలభై జవాబులు, అన్నీ ఒకటే

కారణం: మొదటి పోస్టు చూసి మిగతావాళ్లు దించేశారు.

పరిష్కారం: పోస్టులకు మీ ఆమోదం తప్పనిసరి చేసే సెట్టింగ్ ఆన్ చేసి, అందరూ రాశాక ఒకేసారి వదలండి. మూల్యాంకనం కావాలంటే రెండు జవాబులు మీరే పెట్టి ఏది మెరుగో, ఏ ఆధారంతోనో రాయించండి.

సమస్య: కాన్వా (డిజైన్ యాప్)లో చేసిన పోస్టరు కళకళలాడుతోంది, విషయం కాపీ

కారణం: 'విద్యుత్ పొదుపుపై పోస్టరు' అన్న పనికి సొంత నిర్ణయం ఒక్కటీ అక్కర్లేదు. రంగులు మార్చడం సృజన కాదు.

పరిష్కారం: లెక్క తేలాల్సిన షరతు పెట్టండి. నెలకు 20 యూనిట్లు తగ్గాలి, ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కాకూడదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే 30 రోజులకు 22.5 యూనిట్లు, 30 వాట్లదైతే 9. ఆదా 13.5. మిగతా 6.5 యూనిట్లు ఎక్కడ తగ్గించాలో ఇంటింటికీ మారుతుంది కాబట్టి కాపీ కొట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. చిత్తుప్రతి గూగుల్ డాక్స్‌లో రాయిస్తే వెర్షన్ హిస్టరీలో పేరా పేరాగా పెరిగిందో, ఒక్కసారిగా వచ్చి పడిందో కనిపిస్తుంది. పోస్టరు ఆ తర్వాతే.