గ్రీన్‌హౌస్ తరహా పెవిలియన్ గీయాలంటే

గ్రీన్‌హౌస్ తరహాలో పెవిలియన్ (పార్కులాంటి చోట జనం కూర్చునే మంటపం) అనగానే అందరూ గాజు గురించే అడుగుతారు. నేను మాత్రం గాలితో మొదలుపెడతాను. గ్రీన్‌హౌస్ కట్టేది వేడిని పట్టి ఉంచడానికి. మొక్కలు ఓర్చుకుంటాయి కానీ, ఆ ఉక్కలో మనిషి పది నిమిషాలు కూర్చోడు.

అందుకని ముందు కొప్పు, అంటే కప్పు రెండు వాలులూ పైన కలిసే చోటు, తెరవండి. ఫ్యాన్లు లేకుండా నడిచే గ్రీన్‌హౌస్‌లలో నేల వైశాల్యంలో 15 నుంచి 20 శాతం కొప్పు దగ్గర, అంతే పక్కగోడల్లో తెరిచి ఉంచాలని లెక్క. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న పెవిలియన్‌కి 15 శాతమంటే దాదాపు 11 చదరపు మీటర్లు. అంటే కొప్పు పొడవునా 90 సెంటీమీటర్ల సందు. డ్రాయింగ్‌లో మరీ ఎక్కువ అనిపిస్తుంది, అయినా తగ్గించకండి. దాని మీద ఇంకో చిన్న కప్పు లేపి, అంచులు బాగా బయటికి లాగితే వాన చాలావరకు ఆగుతుంది. పక్కగోడలంటారా, వీలైనచోట నేను అసలు పెట్టను. ఇంకో మాట, తెరిచి మూసే కిటికీలు వద్దు. గ్రీన్‌హౌస్‌కి తోటమాలి ఉంటాడు, పబ్లిక్ పెవిలియన్‌లో హ్యాండిల్ తిప్పేవాళ్లెవరు?

తర్వాత నీడ. అది కప్పుకి బయటివైపే ఉండాలి. లోపల తెర కడితే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసినట్టు. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ కట్టిన జోసెఫ్ పాక్స్‌టన్ అంతకుముందు గ్రీన్‌హౌస్‌లు కట్టినవాడే. ఆయన కూడా గాజు కప్పు పైన, బయటే కాన్వాస్ పరిపించాడు.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఒకే కొలత గాజు పలకలు, 24 అడుగుల గడులు, అవే మళ్లీ మళ్లీ. మీరూ ముందు షీట్ కొలత తేల్చుకుని, తర్వాతే ఫ్రేమ్ గీయండి. 2.1 మీటర్ల వెడల్పు పాలీకార్బొనేట్ (గాజుకు బదులు వాడే, లోపల బోలు గొట్టాలుండే ప్లాస్టిక్ షీట్) అయితే సగానికి కోసి, సుమారు 1.05 మీటర్లకో రాఫ్టర్ (కప్పు వాసం) వేస్తే వేస్టేజీ ఉండదు.

పనివాళ్లు తొందరపడేది ఈ షీట్ల దగ్గరే కాబట్టి డ్రాయింగ్ మీదే రాసిపెట్టండి. షీట్ లోపలి గొట్టాలు వాలు వెంట కిందికి ఉండాలి, అడ్డంగా కాదు. ఎండ దెబ్బను ఆపే యూవీ పూత ఉన్న వైపు పైకి. గొట్టాల పై చివర గాలి చొరని టేప్, కింది చివర ఆవిరి బయటికి పోయే టేప్. ఎండకు షీట్ సాగుతుంది: 3 మీటర్ల షీట్ 40 డిగ్రీల తేడాకి దాదాపు 8 మిల్లీమీటర్లు. రంధ్రాలు బోల్టు కన్నా పెద్దవి చేసి, వాషర్ నలిగేంత బిగించకుండా వదలాలి. లేకపోతే షీట్ ఉబ్బుతుంది, టపటపా చప్పుళ్లు చేస్తుంది.

గాజే కావాలని పట్టుబడితే తల మీద లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన గాజు) మాత్రమే వాడండి. టఫన్డ్ (వేడి చేసి గట్టిపరచిన గాజు) పగిలితే ముక్కలన్నీ కింద కూర్చున్నవాళ్ల మీద రాలతాయి. లామినేటెడ్ పగిలినా పొరకు అతుక్కుని ఉంటుంది.

కడిగే సంగతి కూడా ఇప్పుడే తేల్చాలి. ఈ షీట్ల మీద కాలు పెట్టకూడదు. చూరు పక్కనే నడిచే పలక, సేఫ్టీ బెల్టు తగిలించే కొక్కెం, దగ్గర్లో ఒక కుళాయి డ్రాయింగ్‌లోనే చూపించండి.