ఎండల్లో కొత్త చేపలు తెస్తున్నారా? కవరు విప్పే ముందు కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ ఆఖర్లో బళ్లకు సెలవులిస్తారు. బయట 42, 43 డిగ్రీల ఎండ. పిల్లల్ని ఆటకు పంపలేం, ఇంట్లో కూర్చోబెట్టలేం. సరిగ్గా అప్పుడే "చేపల ట్యాంకు కొందాం" అన్న మాట మొదలవుతుంది. చేపలకు ఏడాది మొత్తంలో గడ్డు కాలం ఏదో, అదే చూసుకుని వాటిని ఇల్లు మార్పిస్తాం మనం.

నేనూ అంతే చేశాను. ఒక మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, స్కూటీ హుక్కుకు కవరు తగిలించుకుని హనుమకొండ చౌరస్తా నుంచి ఆరు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చాను. ఇరవై నిమిషాల దారి. ఇంటికొచ్చి కవరు పట్టుకుంటే స్నానానికి తోడిన నీళ్లలా వెచ్చగా ఉంది. ట్యాంకులో నీళ్లేమో ఆ పొద్దున బోరు వేసి పట్టినవి. కవరు మూల కత్తిరించి, నీళ్లతో సహా గుమ్మరించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాత్రి తొమ్మిదికల్లా రెండు తేలాయి, తెల్లారేసరికి ఇంకో మూడు. షాపాయన రోగిష్టి చేపలు అంటగట్టాడని వారం రోజులు తిట్టుకున్నాను. తప్పు ఆయనది కాదని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

మిరుగం, అంటే మృగశిర కార్తె దాకా ఆగగలిగితే ఆగండి. జూన్ 8 దాటి నాలుగు చినుకులు పడితే చేపకూ హాయి, తెచ్చేవాళ్లకూ హాయి. (మిరుగం రోజు మన ఇళ్లలో పొయ్యి మీద చేపల పులుసు, హాల్లో చేపల ట్యాంకు. మా చిన్నది ఆ రోజు ట్యాంకు వైపు వీపు పెట్టుకుని కూర్చుని తింటుంది.)

ఆగే ఈ నెలన్నర ఊరికే పోదు. ట్యాంకు కొని, నీళ్లు నింపి, ఫిల్టరు పెట్టి, చేపలు లేకుండా నడపండి. చేప వదిలే మలమూత్రాల్లోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఫిల్టరు స్పాంజిలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కాస్త పేరుకున్నా చేప తట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా వాటికీ తిండి కావాలి కాబట్టి, రెండు రోజులకోసారి చిటికెడు చేపల మేత ఖాళీ ట్యాంకులో వేస్తుండండి. చేపల్లేని ట్యాంకులో మేత వేస్తుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల మాట. దగ్గరి దారి ఒకటుంది. తెలిసినవాళ్ల ఇంట్లో పాత ట్యాంకు ఆరోగ్యంగా నడుస్తుంటే, దాని ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పని చాలా తొందరగా అవుతుంది.

ఇక నీళ్లు. మే నెలలో మధ్యాహ్నం మన కుళాయి విప్పితే చెయ్యి కాలుతుంది. మిద్దె మీద నల్ల సింటెక్స్ ట్యాంకు రోజంతా ఎండలో నానుతుంది మరి. ఆ నీళ్లు నేరుగా ట్యాంకులో పడితే చేపకు అది ఉడుకు నీళ్ల స్నానమే. ఏ నీళ్లయినా ముందు రోజు రాత్రే బకెట్లలో పట్టి, నీడలో మూత లేకుండా పెట్టండి. మున్సిపాలిటీ నల్లా నీళ్లలోనూ మిషన్ భగీరథ నీళ్లలోనూ క్లోరిన్ ఉంటుంది. మన నోటికి తెలియనంత క్లోరిన్ కూడా చేప మొప్పల్ని కాలుస్తుంది. 24 గంటలు తెరిచి పెడితే మామూలు క్లోరిన్ పోతుంది. అంత వ్యవధి లేకపోతే షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద ఉన్న లెక్కన వేయండి. లెక్క వేయాలంటే ట్యాంకు ఎన్ని లీటర్లో తెలియాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, వెయ్యితో భాగించండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నది సుమారు 54 లీటర్లు.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ వేరే చిక్కులున్నాయి. భూమిలోంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. బకెట్లో ఎయిర్ పంపు రాయి వేసి ఒక రాత్రి బుడగలు పోనివ్వాలి. బకెట్లకు, గీజర్‌కు తెల్లగా పొర కట్టే ఇంట్లో నీళ్లు గట్టివని అర్థం. ఆ నీళ్లలో గప్పీలు, మోలీలు హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు మెత్తటి నీళ్ల చేపలు, వాటి జోలికి పోకండి. గోల్డ్‌ఫిష్‌కు నీళ్ల గట్టితనంతో పేచీ లేదు, వేడితోనే పేచీ. అది చల్లటి నీళ్ల చేప. 18 నుంచి 24 డిగ్రీల మధ్య దానికి సుఖం, 32 దాటితే రొప్పుతుంది. మొదటి చేపగా అందరం కొనేది మాత్రం దాన్నే. ఎండకాలంలోనే కొనాలంటే గప్పీ, మోలీ, లేదంటే ఒంటరిగా ఒక ఫైటర్ కొనండి. ఫైటర్ మన కొర్రమట్టలాగే పైకొచ్చి గాలి కూడా పీలుస్తుంది, అందుకని ఆక్సిజన్ తగ్గినా కొంత తట్టుకుంటుంది.

షాపుకు పొద్దున్నే వెళ్లండి, లేదా పొద్దుగూకాక వెళ్లండి. చేపలు ఏ రోజు దిగాయో అడగండి. నిన్ననో మొన్ననో దిగిన సరుకైతే వారం ఆగి వెళ్లడం నయం, బలహీనమైనవి ఆ వారంలో షాపులోనే తేలిపోతాయి. తినిపించి చూపించమనండి. మేతకు పరుగెత్తి రానిది, రెక్కలు ముడుచుకుని మూల నిలబడ్డది, మీకు ఎంత నచ్చినా వద్దు. కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా గాలి ఉండాలి. ఎక్కువ నీళ్లు పోస్తే చేపకు మంచిదనుకుంటాం, అది తలకిందుల లెక్క. నర్సంపేటో, పరకాలో, ములుగో తీసుకెళ్లేవాళ్లు తప్పకుండా కవరులో ఆక్సిజన్ నింపించుకోండి. చిన్న థర్మాకోల్ డబ్బా ఉంటే అందులో, లేకపోతే కవరుకు పేపరు చుట్టి సంచిలో పెట్టుకోండి. చీకటిగా ఉంటే చేప బెదరదు. బస్సులో ఇంజను పక్క సీటు వద్దు. దారిలో పెళ్లివారింటికి వెళ్లి భోజనం చేసొద్దామని బండి డిక్కీలో కవరు పెట్టి వెళ్లినవాళ్లు కూడా నాకు తెలుసు.

ఇప్పుడు అసలు ఘట్టం. వానలు పడి చెరువులు నిండాక మన ఊళ్లలో చేప పిల్లల్ని వదలడం చూసే ఉంటారు. తెలిసిన మత్స్యకారుడు ఆక్సిజన్ కవరు తెచ్చీ తేగానే చెరువులో గుమ్మరించడు. కవరును కాసేపు నీళ్ల మీద తేలనిస్తాడు, మూతి విప్పి కొంచెం చెరువు నీళ్లు లోపలికి రానిస్తాడు, ఆ తర్వాత కవరు వంచి పట్టుకుంటే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ పోతాయి. మన హాల్లో చేయాల్సిందీ అదే పని, ఒక్క తేడాతో.

ముందు ట్యాంకు లైటు ఆర్పండి. కవరు బయటివైపు మంచినీళ్లతో కడిగి, ముడి విప్పకుండా ట్యాంకులో 15, 20 నిమిషాలు తేలనివ్వండి. వంద, రెండొందల రూపాయల థర్మామీటరు ఒకటి ఉంచుకోండి, చేతి అంచనా నమ్మకండి. రెండు నీళ్ల మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీల్లోకి వచ్చాక మూతి విప్పండి.

ఆ తర్వాత ఏం చేయాలన్నది చేప ఎంత సేపు కవరులో ఉందన్నదాన్ని బట్టి. ఊళ్లోని షాపు నుంచి గంటలోపు తెచ్చారంటే, కవరు అంచు మడిచి, ఐదు నిమిషాలకో చిన్న కప్పు చొప్పున ట్యాంకు నీళ్లు కవరులో కలపండి. అరగంటలో అయిపోతుంది. చెన్నై కొళత్తూరు నుంచి పార్సిల్లో వచ్చిన చేపల సంగతి వేరు. కవరు మూసి ఉన్నంత సేపు చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్ల పీహెచ్‌ని (నీళ్లలో ఆమ్ల గుణం ఎంతో చెప్పే అంకె, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) తగ్గిస్తుంది. పీహెచ్ తక్కువున్నప్పుడు అమ్మోనియా దాదాపు అపాయం లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే గ్యాస్ పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియం విషంగా మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే విషపు వాటా సుమారు పది రెట్లవుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. కాబట్టి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన చేపను, విప్పిన కవరులో గంటసేపు "అలవాటు" చేయడమంటే విషంలో నానబెట్టడమే. వేడి సమానం కాగానే విప్పి, వెంటనే జాలీతో ఎత్తి కొత్త నీళ్లలో వదలండి.

రొయ్యల్లాంటి సున్నితమైన వాటికి చుక్కల పద్ధతి మంచిది. మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్ కొనండి. రొయ్యల్ని కవరు నీళ్లతో సహా ఒక గిన్నెలో పోసి కింద పెట్టండి. సెట్ ఒక కొస ట్యాంకులో, ఇంకో కొస ఆ గిన్నెలో. ఆ చిన్న చక్రం తిప్పి సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా పెట్టండి. గిన్నెలోని నీళ్లు గంటలో రెండింతలైతే చాలు.

ఏ పద్ధతైనా సరే, కవరు నీళ్లు ట్యాంకులో పోయొద్దు. ఇదే నేను చెప్పిన ఒక్క తేడా. షాపులోని తెల్ల చుక్కల జబ్బు, మందులు, అమ్మోనియా అన్నీ ఆ నీళ్లలోనే మన ఇంటికొస్తాయి. ఓపికుంటే కొత్త చేపల్ని రెండు వారాలు విడిగా, స్పాంజి ఫిల్టరు పెట్టిన 20 లీటర్ల టబ్బులో ఉంచండి. పాత చేపలున్న ఇంట్లో దీన్ని దాటేయకూడదు. చుక్కలు కనిపిస్తే వైద్యం అక్కడే. 10 లీటర్లకు ఒక టేబుల్ స్పూన్ దొడ్డుప్పు కరిగించి, కొద్దికొద్దిగా, ఒక రోజంతా పట్టేలా కలపండి. షాపుల్లో ఇచ్చే నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, పెద్ద ట్యాంకులో వేస్తే ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. నెలన్నర కష్టం ఒక మూతెడు మందుతో పోతుంది.

మొదటి రోజు మేత వద్దు, లైటు వద్దు, పిల్లలు అద్దం మీద కొట్టడం వద్దు. ఆఖరిది సాధించడమే కష్టం.

ఎండకాలం మొదటి రాత్రి భయమంతా ఆక్సిజన్ గురించే. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నరే. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. ట్యాంకు మూత తీసి (దూకకుండా దోమతెర గుడ్డ కట్టి) టేబుల్ ఫ్యాను గాలి నీళ్ల మీద తగిలేలా పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్ల బదులు ఆర్వో నీళ్లు పోయండి, బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పులు పేరుకుపోతాయి. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు. అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, సీసాను తేలేయండి. గంటకు ఒక డిగ్రీ తగ్గితే చాలు.

గాలిదుమారానికి కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఆదుకుంటుంది. అదీ లేకపోతే మగ్గుతో ట్యాంకు నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తుండండి, పది నిమిషాలకోసారి. కరెంటు వచ్చేదాకా మేత వేయకండి. డబ్బా ఫిల్టరు మూడు నాలుగు గంటలు ఆగిపోతే, లోపలి పాత నీళ్లు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే జాడించి అప్పుడు ఆన్ చేయండి.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. దోమల మందు. ఆ స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్ మందులు మనకు పెద్దగా ఏమీ చేయవు, చేపకు మాత్రం చాలా తక్కువ మోతాదే ప్రాణం తీస్తుంది. ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్లలోకి నెడుతుంది కదా. ట్యాంకున్న గదిలో కొట్టొద్దు, దోమతెర కట్టుకోండి.

కొన్నదానితో పాటు "అద్దం శుభ్రం చేస్తుంది" అంటూ షాపులో సక్కర్ ఫిష్ ఒకటి చేతిలో పెడతారు. వేలెడుంటుంది, ముచ్చటగానే ఉంటుంది. అది అడుగు దాటి పెరుగుతుంది, మీ 54 లీటర్లలో తిరగడానికి చోటుండదు. అప్పుడు దాన్ని భద్రకాళి చెరువులోనో, వడ్డేపల్లి చెరువులోనో వదలొద్దు. జాలరుల వలలు చింపే దెయ్యం చేప అని పత్రికల్లో ఫోటోలు వస్తుంటాయే, అది ఇదే. ముందే వద్దనండి. తెచ్చేసి ఉంటే, వెనక్కి తీసుకునే షాపు ఏదో కనుక్కుని ఇచ్చేయండి. పొద్దున పూట, ఆక్సిజన్ కవరులోనే.