రాక్ అండ్ రోల్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: పన్నెండు బార్ల చుట్టు

పోయిన పాఠంలో రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు కొట్టడం సాధన చేశాం. అది ఇంకా కుదరకపోతే ఈ పాఠం పక్కనపెట్టి మళ్లీ దాని మీదే కూర్చోండి, ఎందుకంటే ఈరోజు లెక్క మొత్తం ఆ చప్పట్ల మీదే నడుస్తుంది.

ఈరోజు పని పన్నెండు బార్ల బ్లూస్‌ని (బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాటల శైలి) చెవితో పట్టుకోవడం. బార్ అంటే నాలుగు దెబ్బలు. అలాంటివి పన్నెండు, అంటే 48 దెబ్బలకి ఒక చుట్టు. కార్డులు (chords, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మూడే: పాట శ్రుతిలో స, శుద్ధ మధ్యమం, ప, ఈ మూడు స్వరాల మీద కట్టినవి. మొదటి నాలుగు బార్లు స, తర్వాత రెండు మ, మళ్లీ రెండు స, తొమ్మిదోది ప, పదోది మ, చివరి రెండూ స. కొందరు పదో బార్‌లో కూడా ప మీదే ఉండిపోతారు, దానికి కంగారుపడకండి. సాహిత్యం మూడు వరుసలు. మొదటి వరుసనే రెండోసారి పాడతారు, మూడో వరుసలో దానికి జవాబు వస్తుంది. ఒక్కో వరుసకి నాలుగు బార్లు.

ఇప్పుడు ‘హౌండ్ డాగ్’ (వేటకుక్క) పెట్టండి, 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడింది. ‘హౌండ్’ అనే మాట పడిన చోట ఒకటి అనుకుని లెక్క మొదలుపెట్టండి. అదే వరుస రెండోసారి వచ్చినప్పుడు కింద బేస్ (మందర స్వరాల వాయిద్యం) మారిందా? అదే ఐదో బార్, మధ్యమం. కుందేలు సంగతి వచ్చే వరుస తొమ్మిదో బార్, పంచమం. ఆ రెండు మలుపులు చెవికి అందితే చాలు, మిగతావి వాటంతటవే దొరుకుతాయి. చరణాల మధ్య డి.జె. ఫాంటానా డ్రమ్స్ మీద కురిపించే దెబ్బలకి చాలామంది లెక్క తప్పుతారు, అక్కడ పాదంతో తాళం ఆపకుండా ఉంచండి.

అది బాగా వచ్చాక అదే పాట నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ గొంతులో వినండి. 1952లో లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేసి 1953లో విడుదల చేశారు. దీనికి లెక్కపెట్టొద్దు, మొదటిసారి ఊరికే వినండి. వేగం తక్కువ, వాయిద్యాలు తక్కువ, పాటంతా ఆమె గొంతే నడిపిస్తుంది. ఇక్కడ కుక్క నిజంగా కుక్క కాదు, తన సొమ్ము తింటూ కూర్చున్న మగాడు, వాణ్ణి ఆమె గుమ్మం బయటికి గెంటుతోంది. ఎల్విస్ పాటలో మాటలు మారిపోయి ఆ ఆడమనిషి కోపం మొత్తం ఎగిరిపోయింది. నా మటుకు నాకు థార్న్‌టన్ రికార్డే గొప్పది, మీరు రెండూ విని మీ అభిప్రాయం మీరు ఏర్పరుచుకోండి.

ఈ రెండు రికార్డులే ఎందుకంటే, ఆనాటి అమెరికాలో పాటల వ్యాపారం మధ్యలో ఉన్న గోడ వీటిలో కనిపిస్తుంది. 1949 దాకా బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి శ్రోతల కోసం చేసిన రికార్డులన్నిటినీ ‘రేస్ రికార్డ్స్’ అనే పట్టికలో వేరుగా పెట్టేది, తర్వాత ఆ పేరుని ‘రిథమ్ అండ్ బ్లూస్’గా మార్చారు, పట్టిక మాత్రం వేరుగానే ఉంది. థార్న్‌టన్ రికార్డు అందులో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా పాప్ పట్టికలోకి అడుగుపెట్టలేదు. మూడేళ్ల తర్వాత ఎల్విస్ రికార్డు పాప్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ మూడిట్లోనూ మొదటి స్థానానికి చేరింది. అలాగని తెల్లవాడు నల్లవాళ్ల పాట ఎత్తుకుపోయాడు అని ఒక్క ముక్కలో తేల్చేయడం కూడా సరికాదు, ఎందుకంటే ఈ పాట రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ ఇద్దరూ తెల్ల యూదు కుర్రాళ్లు, థార్న్‌టన్ కోసమే రాశారు, అప్పటికి వాళ్లకి 19 ఏళ్లు. అన్యాయం ఎక్కడుందంటే డబ్బులో, పేరులో. ఆ పాటకి తనకి ఒక్క 500 డాలర్ల చెక్కు తప్ప ఇంకేమీ దక్కలేదని థార్న్‌టన్ తర్వాత చెప్పింది.

కానీ రేడియో తరంగాలు గోడ దగ్గర ఆగవు కదా. క్లీవ్‌లాండ్‌లో రేడియో డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్ 1951 నుంచి రాత్రిపూట ఈ పాటలు వేస్తుంటే తెల్ల ఇళ్లలో పిల్లలు కూడా వినేవాళ్లు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో డాన్సు హాలు మధ్య తాడు కట్టి ఒకవైపు తెల్లవాళ్లని, ఒకవైపు నల్లవాళ్లని ఉంచేవారు, డాన్సు జోరందుకున్నాక కొన్ని చోట్ల కుర్రకారు ఆ తాడు దాటేసేవారు. పెద్దవాళ్ల భయం అక్కడే మొదలైంది. 1956 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో జాతి వేర్పాటువాదులు వేదికెక్కి నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ మీద దాడి చేశారు. ఆయన పాడేది రాక్ అండ్ రోల్ కూడా కాదు, మెత్తటి ప్రేమగీతాలు.

వచ్చే పాఠంలోపు ఈ సాధన చేయండి: లిటిల్ రిచర్డ్ ‘టూటీ ఫ్రూటీ’ పెట్టుకుని, మధ్యమం వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తండి, పంచమానికి రెండు చేతులూ ఎత్తండి. ఆలస్యంగా ఎత్తితే తప్పేం లేదు, కార్డు మారిందని తెలియడమే ముఖ్యం. తర్వాతి పాఠం చక్ బెర్రీ గిటార్ మీద.